అరచేతికి ఒక సెంటీమీటరు దూరంలో

చేప శుభ్రం చేయడం రానివాళ్లంటే నాకు మొదటి నుంచీ చిన్నచూపే. అమెరికాలో మేముండే ఎడారి ఊరు చాండ్లర్‌లో ఏషియన్ మార్కెట్ ఒకటి ఉంది. అక్కడ అద్దాల తొట్టెల్లో బతికున్న తిలాపియా దొరుకుతుంది. వేలితో చూపిస్తే కౌంటర్ వెనక మనిషి వలతో పట్టి, నెత్తి మీద ఒక్కటిచ్చి, పొలుసు తీసి, పొట్ట కోసి కవర్లో పెట్టి ఇస్తాడు. ఇంటికి తెచ్చి చూస్తే తోక దగ్గర పొలుసు అలాగే ఉంటుంది, పొట్ట లోపల నల్లపొర అలాగే ఉంటుంది. ఆ పొరతో పులుసు పెడితే ఇల్లంతా నీచు వాసన. అందుకని నేను "క్లీన్ చేయొద్దు, అలాగే ఇచ్చేయండి" అని తెచ్చుకుంటాను. పెరట్లో గోడవారగా ఒక సిమెంటు ఇటుక పెట్టుకున్నాను. దాని మీద కల్లుప్పు వేసి చేపని అటూ ఇటూ రుద్దితే తెల్లగా మెరుస్తుంది. మాది సముద్రం పక్కన ఊరు, మా అమ్మ రాతి మీద ఎలా రుద్దేదో నేను ఇటుక మీద అలాగే రుద్దుతాను.

మా ఆయనది ఖమ్మం వైపు. చేప వండితే తింటాడు గానీ, వండేదాకా పెరట్లోకి రాడు. "ఎడారిల చేపల బజార్ పెట్టినవ్" అని తలుపు సందులోంచి వెక్కిరిస్తాడు.

ఆ ఆగస్టులో మా తెలుగు చర్చి వార్షికోత్సవం వచ్చింది. ఆరాధన తర్వాత భోజనాలు. చేపల పులుసు నాదే. అది వేరే ఎవరికైనా అప్పగిస్తే నాకు కోపం వస్తుందని అందరికీ తెలుసు, వాళ్లు అంత ధైర్యం చేయరు కూడా. శనివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే, పెరట్లో పీట వేసుకుని పన్నెండు చేపలు ముందేసుకున్నాను. తొమ్మిదో చేపో పదో చేపో గుర్తులేదు, చెయ్యి జారింది. వీపు మీది ముల్లు కుడిచేతి నడిమి వేలి మొదట్లో, అరచేతి వైపు, లోతుగా దిగింది. ఒక్క చుక్క రక్తం వచ్చింది. కడుక్కుని, పసుపు అద్ది, మిగతా చేపలు కూడా రుద్దాను. మర్నాడు పులుసు గిన్నె అడుగు కనబడేదాకా తిన్నారు. నా గొప్పకి నేనే మురిసిపోయాను.

మూడు వారాల తర్వాత ఆ వేలు పొద్దున్న లేచేసరికి బిగుసుకుని ఉండేది. తర్వాత కొంచెం ఉబ్బింది. నొప్పి పెద్దగా లేదు. నొప్పి ఉంటే నేనూ భయపడేదాన్నేమో. మా వంటింటి అలమారలో నీలం రంగు బిస్కెట్ల డబ్బా ఒకటుంది. అందులో బిస్కెట్లు ఏనాడూ లేవు. ఇండియా నుంచి తెచ్చుకున్న మందులుంటాయి: జ్వరానికి, విరేచనాలకి, దగ్గుకి, పంటినొప్పికి. మా స్నేహితుల్లో ఎవరింటికి వెళ్లినా ఇలాంటి డబ్బా ఒకటుంటుంది. డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేలోపు జబ్బు అదే తగ్గిపోయే దేశంలో ఆ డబ్బాయే మాకు ఫ్యామిలీ డాక్టరు. పంటినొప్పికని తెచ్చిన యాంటీబయాటిక్ తీసి ఐదు రోజులు వేసుకున్నాను. వాపు కొంచెం తగ్గింది. మానేశాను. మళ్లీ వచ్చింది.

చర్చిలో నా చెయ్యి చూసి, వయసులో మా అందరికంటే పెద్దావిడ, మేమందరం ఆంటీ అని పిలిచే ఆవిడ, హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది.

"ఇది వేస్కోమ్మా. మా అల్లుడికి కాలు ఇలాగే వాచిపోతే రెండ్రోజుల్లో తగ్గిపోయింది. పొద్దుటొకటి, సాయంత్రమొకటి."

అది వేరే యాంటీబయాటిక్. వారం రోజులు అదీ వేసుకున్నాను.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. చెప్పకపోతే నేను చేసిన పని ఎంత సిగ్గుమాలినదో తెలియదు. చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో, పాడైన చిప్పు ఎందుకు పాడైందో కనిపెట్టడం నా పని. పంతొమ్మిదేళ్లుగా అదే చేస్తున్నాను. తల నుంచి కాలి దాకా తెల్ల సూట్ తొడుక్కుని, ధూళికణం కూడా లేని గదుల్లో తిరుగుతాం. ఏ దశలో ఎవరేం చేశారో సిస్టంలో రాసి ఉంటేనే నేను కారణం పట్టుకోగలను. ఎవరైనా టెక్నీషియన్ మధ్యలో ఏదో చేసి రాయకుండా దాచాడనుకోండి, నా చేతిలో అయిపోయినట్టే. "తప్పు చెయ్యి, పర్లేదు. దాచావో, నెల రోజుల పని గంగలో కలిపినట్టే" అని మీటింగ్‌లో అందరి ముందూ కడిగేస్తాను. నేను కారిడార్‌లో వస్తుంటే పక్కకి తప్పుకునేవాళ్లున్నారు.

ఆ నేను, మా ఆయన పోరు పడలేక క్లినిక్‌కి వెళ్లినప్పుడు, "ఈమధ్య ఏమైనా మందులు వాడారా?" అని డాక్టర్ అడిగితే, లేదని చెప్పాను.

ఎందుకు చెప్పానో చాలాసార్లు ఆలోచించాను. ఇక్కడ డాక్టర్ చీటీ లేకుండా ఆ మాత్ర ఒక్కటి కూడా కొనలేం, అదొక భయం. కానీ అసలు కారణం అది కాదు. ఇంత చదువుకుని, ఇంత ఉద్యోగం చేస్తూ, బిస్కెట్ల డబ్బాలోంచి మందు తీసుకుని మింగానని ఆ డాక్టర్ ముందు ఒప్పుకోవడం నాకు నామోషీ. అంతే. నా పక్కన కూర్చున్న మా ఆయన నా వైపు చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఎక్స్‌రే తీశారు, ఎముక బాగుందన్నారు, పది రోజులకి మందు రాశారు. పది రోజులయ్యాక వేలు ఇంకా లావైంది. ముడుచుకోవడం మానేసింది. అప్పుడు చేతి సర్జన్ దగ్గరికి పంపారు.

ఆవిడకి యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, జుట్టు నెరిసింది, గోళ్లు కుదురుగా కత్తిరించి ఉన్నాయి. గొంతు పెద్దది. గదిలోకి వస్తూనే నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. మాట్లాడినంతసేపూ వదల్లేదు. వేలు ఎటు లాగితే ఏమవుతోందో మాటల మధ్యలోనే చూసుకుంటోంది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని వరసగా అడిగింది. ఇంట్లో చేపల తొట్టె ఉందా? లేదు. గులాబీ ముల్లు గానీ, కాక్టస్ ముల్లు గానీ గుచ్చుకుందా? లేదు. స్విమ్మింగ్ పూల్ ఉందా? లేదు. ఏమైనా మందులు? క్లినిక్‌లో ఇచ్చిన పది రోజుల మందు, అంతే.

అన్నీ టైప్ చేశాక ఆవిడ కంప్యూటర్ తెరని గోడవైపుకి తిప్పేసింది. స్టూల్ నా దగ్గరికి జరుపుకుంది.

"మొదటిసారి చెప్పినవి కంప్యూటర్‌కి. ఇప్పుడు నాకు చెప్పండి. నేను అందరినీ రెండుసార్లు అడుగుతాను. రెండోసారి జవాబు మారితే ఏమీ అనుకోను" అంది.

మళ్లీ అవే ప్రశ్నలు. నేను మళ్లీ అవే జవాబులు. ఒకసారి అబద్ధం చెప్పాక రెండోసారి మార్చడం ఇంకా నామోషీ కదా. చేపల తొట్టె లేదన్నది మాత్రం నిజమే. ఆ ప్రశ్నకీ నా పెరటికీ సంబంధం ఉందని నాకు ఒక్క క్షణం కూడా తట్టలేదు. ఆ ముల్లు సంగతి అప్పటికే మరిచిపోయాను.

నవంబరులో మొదటి ఆపరేషన్ చేసింది. వేలిని ముడిచే తాడు లాంటి నరం చుట్టూ ఒక సన్నటి తొడుగు ఉంటుందట. ఆ తొడుగు లోపల వాచి, కుళ్లి, జిగురు పట్టిపోయి ఉందని చెప్పింది. దొరికినంత తీసేసి ల్యాబ్‌కి పంపింది. ల్యాబ్‌లో ఏమీ పెరగలేదు. మైక్రోస్కోప్ కింద మాత్రం క్షయ జబ్బులో కనిపించేలాంటి చిన్న చిన్న ఉండలు కనిపించాయట. క్షయ పరీక్ష చేస్తే అదీ లేదంది. మందు మార్చారు. నెల తిరిగేసరికి కుట్టు పక్కనే మళ్లీ ఉబ్బింది. ఎమ్మారై తీస్తే ఈసారి ఎముక మీద నీడ పడింది.

జనవరిలో ఆవిడ మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఆ రోజు కంప్యూటర్ అసలు ముట్టుకోలేదు.

"ఇది ఎముకలోకి పూర్తిగా దిగితే, అక్కణ్ణుంచి అరచేతిలోకి పోతుంది. అంతదాకా రానివ్వను. దానికోసం వేలు తీసేయాల్సి రావచ్చు" అంది. "ఆ పని నాకు ఇష్టం లేదు. కానీ ఏ క్రిమితో పోట్లాడుతున్నానో నాకు తెలియడం లేదు."

మా ఆయన చెయ్యి నా భుజం మీద పడింది. నాకు భయం కంటే ముందు ఒక పిచ్చి ఆలోచన వచ్చింది: నడిమి వేలు లేకుండా అన్నం ఎలా కలుపుకుంటాను?

అప్పుడు ఆవిడ చెప్పిన మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"మొదటి రోజు నేను మిమ్మల్ని తప్పు ప్రశ్నలు అడిగాను. నాకు అలవాటైన ఇళ్లని మనసులో పెట్టుకుని అడిగాను. అది నా తప్పు. ఈసారి ప్రశ్నలు అడగను. మీ కుడిచెయ్యి పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం చేస్తుందో మీరే చెప్పండి. ఆదివారం నుంచి శనివారం దాకా."

పేరున్న సర్జన్. ఎదురుగా పేషంటు, పేషంటు భర్త. గొంతు కూడా తగ్గించకుండా "అది నా తప్పు" అంది, మంచినీళ్లు కావాలా అని అడిగినంత సులువుగా. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఆ మాట ఎదుటివాళ్ల చేత ఎన్నోసార్లు అనిపించాను. నేను అన్నది ఒక్కసారీ లేదు.

చెప్పడం మొదలుపెట్టాను. కాఫీ కలపడం, పిండి రుబ్బడం, డ్రైవింగ్, ఆఫీసులో రెండు జతల గ్లవుజులు, కీబోర్డ్, అంట్లు, కుండీల్లో కరివేపాకు. శనివారం దగ్గరికి వచ్చేసరికి, "చేప తోమడం" అన్నాను.

"ఆగండి. తోమడమా?"

ఎలాగో చూపించమంది. ఆవిడ పెన్ను చేప, టిష్యూల డబ్బా ఇటుక. ఉప్పు వేసి ఇలా, రెక్క దగ్గర ఇలా, అని చూపిస్తుంటే నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది. ఉబ్బిన చోటు సరిగ్గా ముల్లు దిగిన చోటే. నాలుగు నెలలుగా వేలు నా కళ్ల ముందే ఉంది, ఒక్కసారైనా ఆ ముల్లు గుర్తురాలేదు. పాడైన చిప్పుల్లో కారణం పట్టుకునే ఇంజనీర్‌ని నేను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. నీళ్లలో, చేపల మీద బతికే ఒక క్రిమి ఉందట. క్షయ క్రిమికి దూరపు చుట్టం. మన ఒంటి వేడి దానికి నచ్చదు, కొంచెం చల్లగా ఉండే చేతులూ వేళ్లూ అయితే ఇష్టం. ల్యాబ్‌లో మామూలుగా ఒంటి వేడి దగ్గరే పెంచుతారు కాబట్టి అది బయటపడదు. ముందుగా చెబితేనే వేరే పెట్టెలో, తక్కువ వేడిలో, వారాల తరబడి ఉంచి చూస్తారు.

"ఇది మంచి వార్త. ఇంకేమైనా ఉందా?" అంది.

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఆవిడ తొందరపెట్టలేదు, నా చెయ్యి మళ్లీ తన చేతుల్లోకి తీసుకుంది. అంత సులువుగా "నా తప్పు" అన్న మనిషి ముందు ఇంకా దాచడానికి నాకు ధైర్యం చాల్లేదు.

"మీకు అబద్ధం చెప్పాను. మీ దగ్గరికి రాకముందే రెండు రకాల యాంటీబయాటిక్స్ వేసుకున్నాను. ఇండియావి. ఇంట్లో డబ్బాలోవి" అన్నాను. మొహం ఎర్రబడి చెవుల దాకా మండింది. "ఆ తర్వాత కూడా, మీ ఆపరేషన్‌కి వారం ముందు వాపు ఎక్కువైతే, మళ్లీ వేసుకున్నాను."

"పేర్లు గుర్తున్నాయా?"

గుర్తులేవు. అప్పుడు మా ఆయన జాకెట్ లోపలి జేబులోంచి మడతపెట్టిన ప్లాస్టిక్ కవర్ తీశాడు. అందులో నేను వాడి పారేసిన ఖాళీ మాత్రల షీట్లు రెండు ఉన్నాయి. అవి ఆవిడ చేతిలో పెట్టాడు.

తిట్టలేదు. కనుబొమ్మ కూడా ఎత్తలేదు. షీట్లు వెనక్కి తిప్పి చదువుకుంది. "ఇందులో ఒకటి ఆ క్రిమిని చంపేంత గట్టిది కాదు, కానీ అణిచిపెడుతుంది. నాకు ల్యాబ్‌లో దొరకకపోవడానికి అదీ ఒక కారణం. చెప్పినందుకు థాంక్స్" అంది. మనస్ఫూర్తిగానే అంది. నేనైతే మా టెక్నీషియన్‌ని అప్పటికి గోడకి కొట్టేదాన్ని.

కారెక్కాక నా కోపమంతా మా ఆయన మీదికి మళ్లింది.

"అవి ఎప్పట్నుంచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నావు?"

"ఫస్ట్ అపాయింట్‌మెంట్ నుంచి."

"మరి చెప్పొచ్చు కదా!"

"ప్రతిసారి నువ్వే చెప్తవనుకున్న" అన్నాడు స్టీరింగ్ మీంచి చూపు తిప్పకుండా. "నేను చెప్తే ఆమె ముందు నిన్ను తక్కువ చేసినట్టయితది గదా. గానీ ఇయ్యాల కూడా చెప్పకపోతే మాత్రం నేనే చెప్పేటోణ్ని. వేలు పోతదంటే నాకేం పరువు?"

నాకు ఏడుపొచ్చింది. ఫ్రీవే మీద ఎగ్జిట్ దాటిపోయినా తను గమనించలేదు.

రెండో ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు అన్ని మందులూ ఆపేయమంది, క్రిమి మళ్లీ తలెత్తితేనే దొరుకుతుందని. ఆ రెండు వారాలూ నేను వేలిని చూసుకుంటూనే బతికాను. ఆఫీసులో చూసుకునేదాన్ని, సిగ్నల్ దగ్గర చూసుకునేదాన్ని. చర్చిలో నా కోసం ప్రార్థన చేశారు. ఆంటీ ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నా మూలానే అయ్యిందమ్మా, తెలీక ఇచ్చేను" అంటూ. మింగింది నేనే కదా ఆంటీ, అన్నాను. ఆవిడ వినలేదు.

ఆపరేషన్ రోజు నన్ను నిద్రపుచ్చలేదు. చేతికి మాత్రమే మత్తు ఇచ్చారు. మెలకువలో ఉన్న మనిషి తనే వేలు ముడిచి చూపిస్తే తనకి బాగా తెలుస్తుందని ఆవిడ ముందే అడిగింది. మధ్యలో నీలం గుడ్డ అడ్డం కట్టారు. ఒక గంట గడిచాక, "చూస్తారా?" అంది. వద్దన్నాను. రెండు నిమిషాలాగి, చూస్తానన్నాను.

గుడ్డ దించారు. వేలు అరచేతి దాకా మెలికలుగా తెరిచి ఉంది. ఆ మధ్యలో లేత కొబ్బరిలా తెల్లగా మెరుస్తూ నా నరం. దాని పక్కన ఇంకా అంటుకుని ఉన్న గోధుమరంగు పొరని ఆవిడ సన్నటి పట్టకారుతో పట్టుకుని, కొద్దికొద్దిగా, ఎక్కడా తెగకుండా ఒలుస్తోంది. తొందర లేదు. ఒకచోట రానని మొండికేస్తే వదిలేసి, పక్కనించి వచ్చి, మళ్లీ అక్కడికే వచ్చింది. వెంట్రుకవాసి కూడా వదల్లేదు. చేప పొట్టలో నల్లపొర నేను అలాగే తీస్తాను. కౌంటర్ వెనక మనిషికి ఎప్పటికీ చేతకాని పని అది. ఈవిడ చేప శుభ్రం చేయగలదు, అనుకున్నాను. నేను అంతకంటే పెద్ద మెప్పు ఇప్పటివరకూ ఎవరికీ ఇవ్వలేదు.

"ఇప్పుడు వేలు ముడవండి" అంది.

ముడవాలనుకున్నాను. ఆ తెల్లటి తాడు నా కళ్ల ముందే జరిగింది. వేలు లేచింది. మూడు నెలల తర్వాత అది నా మాట వినడం అదే మొదలు. నేను "ప్రభువా" అన్నానట, తెలుగులోనే. నర్సు తర్వాత ఆ మాట వచ్చీరానట్టు పలికి చూపించింది.

తీసిన ముక్కల్ని పంపేముందు, గ్లవుజులు మార్చుకుని ఆవిడే స్వయంగా ల్యాబ్‌కి ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టింది కాబట్టి నేనూ విన్నాను.

"ఈ పేషంట్ ఇంట్లో చేపలు శుభ్రం చేసుకుంటుంది. ముల్లు గుచ్చుకుంది. రెండు వారాలుగా మందులేమీ లేవు. తక్కువ వేడి దగ్గర పెంచండి. రెండు నెలల దాకా పారేయొద్దు." అవతలి మనిషి సరే అన్నాడు. "ఇంకోసారి చెప్పండి, నేనేం చెప్పానో" అంది ఆవిడ. ల్యాబ్‌ వాళ్లని కూడా రెండుసార్లు!

ఫలితం వచ్చేలోగానే అనుమానం మీద రెండు మందులు మొదలుపెట్టింది. నాలుగో వారంలో ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. "పెరిగింది" అని ఒక్క మాట అంది. ఆ గొంతులో సంతోషం విని నాకు నవ్వొచ్చింది. నా వేలిని తినే క్రిమి బతికి బట్టకట్టినందుకు ఇద్దరం ఫోన్లో సంబరపడ్డాం. ఏ మందుకి లొంగుతుందో కూడా తేలింది. ఆరునెలలు వాడాలి. వేలు ఉంటుంది. తెల్ల సూట్ వేసుకోకుండా బయటే నిలబడి కాసేపు ఏడ్చి, లోపలికి వెళ్లాను.

వేలు ఉండటం వేరు, పనిచేయడం వేరని ఫిజియోథెరపీలో తెలిసింది. అక్కడ నాకు దొరికినతను ఆరడుగుల పైన ఉంటాడు, గొంతు మాత్రం గుసగుసలా ఉంటుంది. మొదటి రోజు నా ముందు బకెట్ నిండా బియ్యం పెట్టాడు. చెయ్యి అందులో ముంచి, పిసికి, అడుగున దాచిన గోళీలు వెతకాలి. బియ్యంతో ఇలా ఆడుకుంటే మా అమ్మ వీపు విమానం మోత మోగించేదని చెప్పాను. అర్థం కాకపోయినా మర్యాదగా నవ్వాడు. తర్వాత చిన్న స్కేలు తీసి, నేను పిడికిలి బిగించగలిగినంత బిగించాక, నడిమి వేలి కొస నుంచి అరచేతి దాకా కొలిచాడు. ఐదు సెంటీమీటర్లు. మిగతా నాలుగు వేళ్లూ ముడుచుకుంటే అదొక్కటి నిటారుగా నిలబడేది. అమెరికాలో ఆ వేలు అలా నిలబెడితే ఎంత ప్రమాదమో తెలుసు కదా. ఆఫీసులో చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగాను.

"ఈ చేత్తో మీరు చేసే పనుల్లో మీకు అన్నిటికంటే ముఖ్యమైంది ఏది?" అని అడిగాడు రెండో వారం. టైపింగ్ అంటానని రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

"అన్నం తినడం" అన్నాను.

మూడు నెలలుగా స్పూన్‌తో తింటున్నాను. పప్పన్నం స్పూన్‌తో తింటే పప్పూ అన్నమూ విడివిడిగానే కడుపులోకి పోతాయి. కడుపు నిండుతుంది, తిన్నట్టుండదు. అతను విని, మరుసటిసారి లంచ్ తెచ్చుకోమన్నాడు. ఆ గదిలో, తెల్లవాళ్లు బంతులు పిసుకుతూ, రబ్బరు తాళ్లు లాగుతూ ఉండగా, నేను టేబుల్ దగ్గర పప్పన్నం కలిపాను. సగం మెతుకులు వేళ్ల మధ్యలోంచి జారిపోయాయి. అతను కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఒళ్లు వంచి, ఏ వేలు ఎక్కడ ఏం చేస్తోందో శ్రద్ధగా చూశాడు. ముద్ద చేయడంలో నడిమి వేలు కింద నుంచి పట్టుకుంటుందని, బొటనవేలు తోస్తుందని రాసుకున్నాడు. పుట్టినప్పటి నుంచి తింటున్నాను, నాకా సంగతి తెలియదు. మర్నాటి నుంచి నా వ్యాయామం ముద్ద చేయడం. మొదట పెరుగన్నం, మెత్తగా ఉంటుంది కాబట్టి. తర్వాత పప్పు. చివరికి పొడి అన్నం, కందిపొడి. మా కందిపొడి ఎంత కష్టమైనదో ఆ ఫైల్లో రాసి ఉంటుంది.

నాలుగు. మూడున్నర. మూడు. రెండు దగ్గర రెండు నెలలు కదల్లేదు. ఒకరోజు విసుగెత్తి స్కేలు లాక్కుని బల్లమీద కొట్టాను. అతను ఏమీ అనకుండా వంగి స్కేలు తీసుకుని, మళ్లీ కొలిచాడు. ఒకటిన్నర. చివరికి ఒకటి. అక్కడే ఆగిపోయింది. ఇంక ముడుచుకోదు, ఇంతేనని చెప్పాడు. ఇదే చాలా గొప్ప ఫలితం అన్నాడు. నిజమే. ముద్ద నోటిదాకా వస్తోంది. మొదటి రోజు పప్పన్నం పూర్తిగా చేత్తో తిన్నప్పుడు మా ఆయన ఎదురుగా కూర్చుని, తను తినడం మానేసి చూశాడు. "మంచిగున్నదా?" అన్నాడు. నోటి నిండా అన్నంతోనే తల ఊపాను.

మందులు అయిపోయాక సర్జన్‌ని చివరిసారి కలిశాను. మా ఆయన బయట పార్కింగ్‌లో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆవిడ మొదటి రోజులాగే చెయ్యి తీసుకుంది. మచ్చ తడిమింది, పిడికిలి బిగించమంది, ఎక్స్‌రే చూసి ఎముక శుభ్రంగా ఉందంది. కంప్యూటర్‌లో టైప్ చేస్తూ, చేపలు మళ్లీ తెస్తున్నారా అని అడిగింది. తెస్తున్నానని, మందంపాటి గ్లవుజులు వేసుకుంటున్నానని చెప్పాను. "మంచిది" అంది.

అప్పుడు నేను చాలా రోజులుగా మనసులో ఉన్నది అడిగాను.

"మొదటి రోజే మీకు మందుల సంగతి చెప్పి ఉంటే, ఈ వేలు పూర్తిగా ముడుచుకునేదా?"

ఆవిడ టైపింగ్ ఆపలేదు. "అది చెప్పడం కష్టం. ఒక్కో ఇన్‌ఫెక్షన్ ఒక్కోలా ఉంటుంది. అందులో నా తప్పూ ఉంది కదా" అంది.

నేను లేచి, చెయ్యి చాపి, కంప్యూటర్ తెరని గోడవైపుకి తిప్పేశాను. మళ్లీ కూర్చున్నాను.

ఆవిడ ముందు ఆశ్చర్యపోయింది, తర్వాత పెద్దగా నవ్వింది. నవ్వు ఆగాక నా చెయ్యి మళ్లీ తన చేతుల్లోకి తీసుకుంది.

"అవును. ముడుచుకునేది" అంది.

నేను థాంక్స్ చెప్పాను. ఆవిడ నాకు చేసిన వాటన్నిటిలోకీ ఆ ఒక్క మాటకే ఎక్కువ చెప్పాను.

బయటికొచ్చి కారెక్కాక మా ఆయన ఫోన్ పెట్టేసి, "ఏమన్నది?" అని అడిగాడు. పిడికిలి బిగించి తనకి చూపించాను. వేలికొసకీ అరచేతికీ మధ్య వెలుతురు కనబడుతోంది.

"ఇంత మటుకు నేను పోగొట్టుకున్నాను" అన్నాను. "మిగతా వేలంతా ఆవిడ ఇచ్చింది."